మాట వినే ఫోనూ, మల్లీశ్వరి పాటలూ

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళేసరికి అమ్మకి శుక్లాల ఆపరేషనై నాలుగు రోజులయింది. టీవీ వద్దు, పుస్తకం వద్దు, ఫోను వంక అసలే చూడొద్దు అని డాక్టరు గారు గట్టిగా చెప్పారట. ఇంక ఆవిడకి మిగిలినవి పాటలు. సాఫ్ట్‌వేరు ఇంజినీరు కొడుకుని కదా, "దానికేముందమ్మా, ఫోను చూడక్కర్లేదు, నోటితో చెప్తే చాలు, అదే పాడుతుంది" అని ఒక పాటల యాప్ పెట్టించి, మైకు ఎక్కడ నొక్కాలో చేతికి తడిమి చూపించాను. అమ్మ గొంతు సవరించుకుని, ఫోన్లోంచి పలికేది ఆడగొంతు కాబట్టి మర్యాదగా "మల్లీశ్వరి పాటలు పెట్టమ్మా" అంది.

పెట్టింది. 2004లో వచ్చిన వెంకటేష్ మల్లీశ్వరి.

"ఇదెక్కడి మల్లీశ్వరిరా? ఇందులో భానుమతి ఏదీ?" అంది అమ్మ. నేను ఫోను లాక్కుని నాలుగైదు రకాలుగా చెప్పి చూశాను. చివరికి కాస్త నోరు తిప్పి, కాల్ సెంటరు ఇంగ్లీషులో "ప్లే మల్లీశ్వరి నైన్టీన్ ఫిఫ్టీ వన్" అంటే సాలూరు రాజేశ్వరరావు గారి పాటలొచ్చాయి. విజయగర్వంతో అమ్మ వైపు చూస్తే, "మల్లీశ్వరి అంటే ఆ మల్లీశ్వరే కదరా, సంవత్సరం చెప్పడమేంటి?" అని, ఫోను పక్కన పెట్టేసి అటు తిరిగి పడుకుంది.

ఆవిడ అడిగినదాంట్లో తప్పేం లేదు. మరి తప్పెక్కడుంది? తిరుగు ప్రయాణంలో రైల్లో కూర్చుని ఈ మాట వినే యంత్రాల కథ మొదట్నుంచీ తిరగేశాను. అందులో మన తెలుగాయన ఒకాయనకి పెద్ద పీటే ఉంది. అందుకే ఈ సంగతి ఇంకొంచెం మంట పుట్టిస్తుంది.

మాట వింటే పని చేసే మొట్టమొదటి వస్తువు ఒక బొమ్మ కుక్క. 1920లలో అమెరికాలో అమ్మేవారు, పేరు రేడియో రెక్స్. చిన్న గూట్లో కుక్క కూర్చుని ఉంటుంది. "రెక్స్" అని పిలిస్తే స్ప్రింగు వదులై బయటికి దూకుతుంది. దానికి ఇంగ్లీషూ రాదు, తన పేరూ తెలియదు. ఆ మాటలోని 'ఎ' అనే అచ్చులో సుమారు 500 హెర్ట్‌జ్ దగ్గర ధ్వని బలంగా ఉంటుంది, ఆ ధ్వనికి లోపలి విద్యుదయస్కాంతపు తీగ అదిరి కనెక్షను తెగేది, అంతే. "రెక్క" అన్నా దూకేదేమో పాపం. ఈ కుక్కని కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

1952లో బెల్ ల్యాబ్స్ వాళ్ళు ఆడ్రీ అనే యంత్రం చేశారు. ఆరడుగుల ర్యాకు నిండా సర్క్యూట్లు. సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు, అవీ మధ్యలో ఆగి ఆగి చెప్తే గుర్తుపట్టేది. అలవాటైన గొంతైతే బాగానే పట్టేది, కొత్త గొంతైతే తడబడేది. 1962లో సియాటిల్ ప్రపంచ ప్రదర్శనలో ఐబీఎం షూబాక్స్ అని చూపించింది. పది అంకెలూ, "ప్లస్", "మైనస్" లాంటి ఆరు ఆజ్ఞలూ, మొత్తం 16 మాటలు. చెప్తే కూడికలు చేసేది. 1969లో బెల్ ల్యాబ్స్ పెద్దల్లో ఒకరైన జాన్ పియర్స్ విసుగెత్తి, ఈ రంగంలో డబ్బు తగలేయడం నీళ్ళలోంచి పెట్రోలు తీస్తానన్నవాడికి డబ్బివ్వడం లాంటిది అన్న ధోరణిలో ఒక ఉత్తరం అచ్చు వేయించాడు. బెల్ ల్యాబ్స్‌లో ఆ పని కొన్నాళ్ళు ఆగిపోయింది కూడా.

సరిగ్గా అదే ఏడాది రాజ్ రెడ్డి గారు కార్నెగీ మెలన్‌లో చేరారు.

మనలో చాలామందికి రాజ్ రెడ్డి గారంటే ట్యూరింగ్ అవార్డు (1994), హైదరాబాదు ట్రిపుల్ ఐటీ, అంతవరకే. ఆయన చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టారు. గిండీ ఇంజినీరింగు కాలేజీ, తర్వాత ఆస్ట్రేలియా, అక్కణ్ణుంచి స్టాన్‌ఫర్డ్. అక్కడ జాన్ మెకార్తీ దగ్గర 1966లో పీహెచ్‌డీ. ఆయన పట్టుకున్న సమస్య ఏమిటంటే, మనుషులు ఆడ్రీ కోసం మాట్లాడినట్టు ఒక్కో మాటకీ ఆగి మాట్లాడరు కదా, గడగడా మాట్లాడేస్తారు. ఆ ప్రవాహంలో ఏ మాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో యంత్రానికి తెలియడం ఎలా?

దానికి ఆయన బృందం చూపించిన దారి నాకు భలే ఇష్టం. 1970ల మొదట్లో హియర్సే అనే ప్రోగ్రాము చేసి, దానితో చదరంగం ఆడించారు. ఎత్తులు నోటితో చెప్పాలి. చదరంగమే ఎందుకు? ఏ క్షణంలో చూసినా బల్ల మీద చెల్లే ఎత్తులు ఓ ముప్పై నలభై ఉంటాయి. వాటిలోనూ బుద్ధున్నవాడు వేసేవి నాలుగో ఐదో. కాబట్టి చెవిలో పడ్డ శబ్దం సగం సగం ఉన్నా, "ఈ సందర్భంలో ఇతను ఏమని ఉంటాడు" అని చూసుకుని మిగతా సగం పూరించుకోవచ్చు. మనమూ అంతే కదా, పెళ్ళిపందిట్లో బాజాల మధ్య ఎవరో ఏదో అంటే, అన్నది సగమే వినపడ్డా "ఆ, ఆ, భోంచేశామండీ" అనేస్తాం :) వినడమంటే చెవితో చేసే పని సగమే, ఏం వినబోతున్నామో ముందే తెలిసి ఉండటం మిగతా సగం. దీన్ని కూడా మీరు గుర్తుంచుకోవాలి, అమ్మ గొడవంతా ఇందులోనే ఉంది.

1971లో అమెరికా రక్షణ శాఖ పరిశోధనా సంస్థ ఐదేళ్ళ ప్రాజెక్టు ఒకటి పెట్టింది. వెయ్యి మాటల పదజాలం, గడగడా మాట్లాడే మాట, పదోవంతు కన్నా తక్కువ తప్పులు, ఇదీ లక్ష్యం. 1976లో అది అందుకున్నది రెడ్డి గారి శిష్యుడు బ్రూస్ లోవరే చేసిన హార్పీ, 1011 మాటలతో. చెప్పడానికి వీలున్న వాక్యాలన్నిటినీ ఒక పెద్ద వలగా అల్లి, అందులో ఆశాజనకంగా ఉన్న దారుల్నే వెతకడం దాని పద్ధతి. బీమ్ సెర్చ్ అని ఇప్పుడు మన ఎమ్ఎల్ కుర్రాళ్ళు వాడే మాటకి మూలాల్లో ఇదొకటి. ఆయన ఇంకో శిష్యుడు జేమ్స్ బేకర్ అయితే లెక్కలనే నమ్ముకున్నాడు. వ్యాకరణం, శాస్త్రం పక్కన పెట్టి, ఏ శబ్దం తర్వాత ఏ శబ్దం వచ్చే అవకాశం ఎంత అన్నదే చూద్దామన్నాడు. హిడెన్ మార్కోవ్ మోడల్స్ అన్నమాట. భార్య జానెట్‌తో కలిసి 1982లో డ్రాగన్ సిస్టమ్స్ పెట్టాడు. 1997లో వాళ్ళ నాచురల్లీ స్పీకింగ్ వచ్చాక మామూలు పీసీ ముందు కూర్చుని మామూలు వేగంతో మాట్లాడితే టైపయ్యే రోజులొచ్చాయి. ఆ డ్రాగన్ చేతులు మారి మారి చివరికి న్యువాన్స్ కంపెనీలో కలిసింది. తొలి రోజుల్లో సిరికి చెవులుగా పని చేసింది ఆ న్యువాన్సే. మరో శిష్యుడు కై-ఫూ లీ 1988లో స్ఫింక్స్ చేసి, గొంతుకి ముందు అలవాటు చేయక్కర్లేకుండా ఎవరు మాట్లాడినా పట్టేలా చేశాడు.

అంటే ఇవాళ ఫోనుకి "పాట పెట్టు" అని చెప్పగలుగుతున్నామంటే అందులో ఒక ముఖ్యమైన దారి కాటూరు నుంచి బయల్దేరినాయన ప్రయోగశాల మీదుగానే వచ్చింది. కానీ తెలుగు మాత్రం ఆ దారిలో చిట్టచివరి స్టాపు.

సరే, ఫోన్ల సంగతికొద్దాం. 2000 ప్రాంతంలో నోకియా ఫోన్లలో వాయిస్ డయలింగ్ ఉండేది, గుర్తుందా? పేరుకి పక్కన మన గొంతు రికార్డు చేసి పెట్టుకుంటే, మళ్ళీ అదే మాట అంటే కాల్ కలిసేది. అమ్మకి నేను కొనిచ్చిన మొదటి ఫోన్లో నా నంబరుకి "పెద్దోడు" అని, చెల్లి నంబరుకి "బుజ్జి" అని ఆవిడే రికార్డు చేసుకుంది. వంటింట్లో మిక్సీ ఆపి "పెద్దోడు" అంటే హైదరాబాదులో నా ఫోను మోగేది. పదిసార్లలో ఎనిమిదిసార్లు పని చేసేది.

ఆ ఫోనుకి తెలుగు వచ్చా? రాదు. ఏ భాషా రాదు. ఇలాంటి వాయిస్ ట్యాగుల పద్ధతి ఏమిటంటే, దాచుకున్న శబ్దపు ముద్రనీ, ఇప్పుడు విన్న శబ్దపు ముద్రనీ పక్కపక్కన పెట్టి, ఒకటి సాగదీసి ఒకటి కుదించి, ఎంత దగ్గరగా సరిపోతున్నాయో చూడటం. డైనమిక్ టైమ్ వార్పింగ్ అంటారు. రేడియో రెక్స్‌కి కాస్త చదువుకున్న తమ్ముడు అనుకోండి. దానికి నిఘంటువు లేదు కాబట్టే "పెద్దోడు" తప్పు మాటని ఎప్పుడూ అనలేదు.

తెలివొచ్చాక కథ మారింది. 2007లో ఫోర్డు కార్లలో మైక్రోసాఫ్ట్ వాళ్ళ సింక్ వచ్చింది, జేబులోని ఐపాడ్‌ని కారుకి తగిలించి నోటితో పాట అడగొచ్చు. 2009లో ఐఫోన్ 3జీఎస్‌లో వాయిస్ కంట్రోల్ వచ్చింది. బటన్ నొక్కి పట్టుకుని "ప్లే ఆర్టిస్ట్" అని పేరు చెప్తే చాలు, నెట్ కూడా అక్కర్లేదు. ఎలాగంటే, అది వెతికే జాబితా ఎంత? ఫోన్లో మీరు ఎక్కించుకున్న ఐదారు వందల పాటలు. మళ్ళీ చదరంగం బల్లే! చిన్న జాబితా, అందులో ఒకటి కాబట్టి సగం విన్నా చాలు. కాకపోతే జాబితాలోని పేరుని ఎలా పలుకుతారో యంత్రం ముందే ఊహించుకోవాలి. ఆ ఊహించేది ఇంగ్లీషు చదువుకున్న బుర్ర. రోమన్ అక్షరాల్లో ఉన్న తెలుగు పేరుని అది ఎలా పలుకుతుందో మన ఎన్నారై పిల్లల్ని అడిగితే చెప్తారు. ట-త, డ-ద, ల-ళ, న-ణ అన్నీ రోమన్‌లో కలిసిపోయాయి. ఒత్తులు ఉన్నచోట ఉంటాయి, లేనిచోట లేవు. మనం పలికేది ఒకటి, అది ఎదురుచూసేది ఇంకొకటి.

ఆ తర్వాత రెండు మూడేళ్ళలో అంతా వేగంగా జరిగిపోయింది. 2010లో ఆండ్రాయిడ్ వాయిస్ యాక్షన్స్, 2011లో సిరి. గొంతు సర్వరుకి వెళ్ళి మాటగా మారి వచ్చే పద్ధతి. 2012 నాటికి మార్కోవ్ మోడల్స్‌కి తోడుగా డీప్ న్యూరల్ నెట్‌వర్కులు దిగి తప్పులు ఒక్కసారిగా తగ్గాయి. 2014లో అమెజాన్ ఎకో. పాటలు కూడా అప్పటికి ఫోన్లోంచి స్ట్రీమింగ్‌కి వెళ్ళిపోయాయి. జాబితా ఐదు వందల నుంచి కోట్లకి పెరిగింది.

మధ్యలో కంపెనీల కొట్లాటలూ ఉన్నాయి. 2016లో యాపిల్ సిరిని బయటి యాప్‌లకి తెరిచింది గానీ, క్యాబ్ పిలవడానికి, మెసేజ్ పంపడానికి ఒప్పుకుని పాటలకి మాత్రం తలుపు తీయలేదు. సొంత పాటల దుకాణం ఉంది కదా మరి. స్పాటిఫై 2019 మార్చిలో యూరోపియన్ కమిషన్‌కి చేసిన ఫిర్యాదుల చిట్టాలో సిరి సంగతీ ఉంది. ఆ ఏడాదే ఐఓఎస్ 13తో ఆ తలుపు తెరుచుకుంది. 2021 చివర్లో యాపిల్ ఇంకో అడుగు ముందుకేసి, గొంతుతో మాత్రమే నడిచే చవక ప్లాన్ పెట్టింది, మన దగ్గర నెలకి 49 రూపాయలు. పాటల స్క్రీను సౌకర్యాలు చాలావరకు ఉండవు, కావలసింది సిరిని అడగాలి. వినడానికి ఎంత బావుంది! కంటి చూపు తగ్గిన పెద్దవాళ్ళకి సరిగ్గా ఇదే కదా కావలసింది. కానీ ఆ సిరికి తెలుగు రాదు. 2023 నవంబరులో ప్లాను ఎత్తేశారు. స్పాటిఫై కార్ల కోసం చేసిన కార్ థింగ్ అనే గొంతు పరికరమూ ఎక్కువ కాలం బతకలేదు, 2022లో తయారీ ఆపారు, 2024 డిసెంబరులో కొన్నవాళ్ళ చేతుల్లోనే పనిచేయకుండా చేశారు.

తెలుగు ఎప్పుడొచ్చిందంటే, గూగుల్ వాయిస్ టైపింగ్‌లో 2017 ఆగస్టులో, మరో ఏడు భారతీయ భాషలతో పాటు. సిరి తెలుగూ ఇంగ్లీషూ కలిపి మాట్లాడితే అర్థం చేసుకోవడం 2024లో ఐఓఎస్ 18తో మొదలైంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఎనిమిది కోట్ల పైచిలుకు మంది మాట్లాడే భాష మనది. 2022లో వచ్చిన ఓపెన్ఏఐ విస్పర్‌కి 6,80,000 గంటల మాటలు వినిపించి నేర్పించారు. అందులో తెలుగు మాటని తెలుగులోనే రాసి చూపించిన శిక్షణ పది గంటలు కూడా లేదు. మన పెళ్ళి వీడియోనే అంతకన్నా పెద్దగా ఉంటుంది.

అయితే, నిజం చెప్పాలంటే, వినడం ఇప్పుడు అంత పెద్ద సమస్య కాదు. అమ్మ ఫోన్లో కూడా ఆవిడ అన్న మాట తెరమీద తెలుగులో చక్కగా పడింది, "మల్లీశ్వరి పాటలు పెట్టమ్మా" అని, అక్షరం పొల్లుపోకుండా. దెబ్బ తిన్నది ఆ తర్వాత. రెడ్డి గారి చదరంగం సూత్రమే ఇక్కడ తిరగబడింది: విన్నదాన్ని పోల్చుకోవాల్సిన జాబితా మనది కాదు.

నేను పని చేసేది సెర్చ్ వైపు కాబట్టి దీని లోపలి బాధ కొంచెం తెలుసు. స్ట్రీమింగ్ కేటలాగు గీత గీసింది పాశ్చాత్య సంగీతం కోసం. అందులో పాటకి ఒక పేరు, ఒక ఆర్టిస్టు, ఒక ఆల్బమ్. మన సినిమా పాటకి విడిగా పేరే ఉండదు, పల్లవిలో మొదటి ముక్కే పేరు. ఆర్టిస్టు ఎవరు? పాడినవాళ్ళా, స్వరపరిచినవాళ్ళా? రాసినవాళ్ళకైతే చాలాచోట్ల గడే లేదు. ఇంకా తమాషా, మనవాళ్ళు "ఏఎన్నార్ పాటలు" అంటారు. పాడింది ఘంటసాల గారని అందరికీ తెలుసు, అయినా ఏఎన్నార్ పాటలే. "ఎన్టీఆర్ పాటలు" అంటే? తాతా, మనవడా? మా ఇంట్లో అది అడిగే మనిషిని బట్టి ఉంటుంది, ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. దేవదాసు అంటే 1953దా, 2006దా? అమ్మకి ఒకటే దేవదాసు.

ఇంక స్పెల్లింగులు. సుశీల గారి పేరుని రోమన్‌లో 'ఎస్' ఒకటా, 'ఎస్‌హెచ్'ఆ, 'ఐ'నా, రెండు 'ఈ'లా అని నాలుగు రకాలుగా రాస్తారు. ఇళయరాజా గారి పేరైతే లెక్కపెట్టడం మానేశాను. ఫోను తెలుగులో విన్నదాన్ని మళ్ళీ రోమన్‌లోకి మార్చి ఈ గందరగోళంలో వెతకాలి. ముప్పై ఏళ్ళ క్రితమే రైస్ యూనివర్సిటీలో మనవాళ్ళు కూర్చుని ఆర్‌టీఎస్ అని, ఏ తెలుగు అక్షరానికి ఏ రోమన్ అక్షరమో పద్ధతిగా తేల్చి పెట్టారు. క్యాసెట్ కంపెనీల దగ్గర టైపు చేసినవాళ్ళకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ఇవాళ మనం వెతికేది వాళ్ళు ఆ రోజు తోచినట్టు కొట్టిన స్పెల్లింగుల్లో.

దీనిమీద మన వ్యాకరణం. ఇంగ్లీషులో "ప్లే" ముందొస్తుంది, ఆ తర్వాత వచ్చేది పేరని యంత్రం సిద్ధంగా ఉంటుంది. మనకి క్రియ చివర్లో. "మల్లీశ్వరిలోవి పెట్టు", "ఘంటసాలవి వెయ్యి", "సుశీలమ్మవి ఏవైనా రానీ". పేరుకి విభక్తి అతుక్కుని, గౌరవం అతుక్కుని, చివర్లో పిలుపు కూడా అతుక్కుని వస్తుంది. "పెట్టమ్మా"లో ఉన్న "అమ్మా" ఆజ్ఞలో భాగమా, వెతకాల్సిన పేరులో భాగమా? మనకి నవ్వొస్తుంది గానీ, రాసేవాడికి అదొక కేసు. ఇంగ్లీషు వాక్యాల మీద తయారైన ప్రోగ్రాముకి తెలుగు పూత పూస్తే దొరికిపోయేది ఇలాంటిచోటే.

ఇవన్నీ తీర్చలేనివేం కావు. సినిమా పేరూ, సంవత్సరమూ, నటులూ, సంగీతమూ, రచయితా, తెలుగు లిపిలో సరైన పేరూ ఉన్న జాబితా ఒకటి శ్రద్ధగా తయారైతే సగం పైగా తీరిపోతాయి. మోడల్ పెద్దది చేస్తే తీరేది కాదిది. ఎవరో కూర్చుని చేయాల్సిన గుమాస్తా పని. మీలో ఈ పాటల కంపెనీల్లో పనిచేసేవాళ్ళుంటే, వచ్చే స్ప్రింటులో అచ్చు "అమ్మా" కేసు ఒకటి టెస్టుల్లో పెట్టండి మహాప్రభో.

వచ్చే రోజు పొద్దున్న అమ్మకి ఇంకో ఉపాయం చూపించాను. 2020 నుంచీ ఫోన్లలో కూనిరాగం తీస్తే పాట వెతికిపెట్టే సౌకర్యం ఉంది. మాట అక్కర్లేదు, భాష అక్కర్లేదు, స్పెల్లింగు అసలే అక్కర్లేదు. రాగం ఎక్కుతూ దిగుతూ వెళ్ళే తీరుని అంకెల వరసగా మార్చి పోల్చుకుంటుంది. మళ్ళీ రేడియో రెక్స్ వంశమే, పాత ఫోన్లో "పెద్దోడు" పద్ధతే, కాకపోతే చాలా పెద్ద చదువులు చదివింది. అమ్మ మొదట సిగ్గుపడింది, తర్వాత తలుపు దగ్గరికి వేయమని, కళ్ళు మూసుకునే రెండు చరణాలు తీసింది. ఆవిడ గొంతు అంత బావుంటుందని నేను మర్చిపోయాను.

ఫోను పాట పట్టేసింది. సినిమా కూడా సరిగ్గానే చెప్పింది. తీరా నొక్కితే ఎవరో కుర్రవాడు కీబోర్డు మీద వాయించిన ముక్క మొదలైంది. అమ్మ కాసేపు విని, "పోన్లే, వరసైతే అదే" అని, పైన తనే పాడుకోవడం మొదలుపెట్టింది.